అలవాట్లు: టీ

ఆ రోజుల్లో నాకు లోకంలో అస్సలు పడనిది ఒక్కటే, ఖాళీగా వదిలేసిన గడి. ఏ కాగితం మీదైనా సరే, నింపాల్సిన గడి నింపకుండా కనిపిస్తే నాకు అన్నం సయించేది కాదు. ఇరవై రెండేళ్ళ వయసు, కొత్త ఉద్యోగం, పైగా పట్నంలో రెండు వారాల శిక్షణ పొంది వచ్చానన్న పొగరు. కుర్చీలో పావుగంట కూర్చుంటే కాళ్ళు తిమ్మిరెక్కేవి, కూర్చోకపోతే పని సాగేది కాదు. "దీని కాళ్ళల్ల చక్రాలున్నయి, దీనికి కూసొని రాసే కొలువు ఎవరిచ్చిండ్రో ఏమో" అని మా అమ్మ భానూర్‌లో మా ఇంటికొచ్చిన ప్రతి మనిషి దగ్గరా ఆశ్చర్యపోయేది. ఇప్పుడు తలుచుకుంటే ఆ పిల్లను భుజాలు పట్టుకుని కాసేపు కూర్చోబెట్టాలనిపిస్తుంది. కూర్చునేది కాదనుకోండి.

నా ఉద్యోగం పటాన్‌చెరు ఫ్యాక్టరీల నడుమ ఉన్న ఒక చిన్న ఆసుపత్రిలో, మందుల గోదాము వెనక రికార్డుల గదిలో. పని పేరు మెడికల్ కోడింగ్. ఇవాళ ఆ మాట అంటే అద్దాల మేడలు, క్యాబులు, మెడలో గుర్తింపు కార్డులు గుర్తొస్తాయి గానీ, అప్పుడు మాకున్నవి రెండు బల్లలు, ఒక కిటికీ, ఒక లావుపాటి పుస్తకం. ప్రపంచంలోని ప్రతి జబ్బుకూ ఆ పుస్తకంలో ఒక నంబరు ఉంటుంది. రోగి ఇంటికి వెళ్ళేటప్పుడు అతని కేసు షీటు మా దగ్గరికి వస్తుంది. డాక్టరు రాసిన జబ్బు పేరు చదివి, పక్కన దాని నంబరు వేయాలి. షీటులో లేనిది రాయకూడదు, ఉన్నది వదలకూడదు. శిక్షణలో చెప్పిన ఈ ఒక్క ముక్కా నాకు బాగా వంటబట్టింది. పాత పుస్తకం పోయి, నంబర్ల ముందు ఇంగ్లీషు అక్షరాలున్న కొత్త పుస్తకం వచ్చిన కాలమది. దాన్ని తిరగేయడం మా గదిలో నాకొక్కదానికే వచ్చు కాబట్టి, అవసరం ఉన్నా లేకపోయినా చంకలో పెట్టుకుని వార్డులన్నీ తిరిగేదాన్ని.

రెండో బల్ల మా పెద్దాయనది. ఆయన్ని అందరూ స్టాంపు సారు అనేవాళ్ళు. చేతికొచ్చిన ఏ కాగితం మీదైనా ముందు స్టాంపు వేసి, తర్వాత చదివేవారు (మా అన్న పెళ్ళి కార్డు ఇస్తే దాని మీద కూడా ఆసుపత్రి స్టాంపు, తేదీ పడ్డాయి). నేను చేరిన మొదటి రోజే ఆయన నాకు ఒక అట్టముక్క ఇచ్చారు. దాని మీద ఒకే ఒక నంబరు ఉంది, గ్యాస్ట్రైటిస్‌ది, అంటే కడుపులో పూతది. చేతులు తగిలీ తగిలీ ఆ అట్ట అంచులు నల్లబడ్డాయి. "డాక్టర్ సాబ్ 'పాతదే' అని రాసిండనుకో, ఈ నంబర్ ఏసెయ్యి బిడ్డా. ఎక్కువ సోంచాయించకు" అన్నారు. మా డాక్టరుగారు పొద్దున్నుంచి సాయంత్రం దాకా పరుగు మీద ఉండే మనిషి, నిలబడే రాసేవారు. సగం కేసు షీట్లలో జబ్బు ఉండాల్సిన చోట 'పాతదే' అన్న రెండు వంకరగీతలే ఉండేవి. పాతది ఏమిటని వెనక్కి తిరగేస్తే, అక్కడా 'పాతదే' ఉండేది. అలా ఎంత వెనక్కి వెళ్ళినా కొత్తగా జబ్బు పడ్డవాడు కనిపించేవాడు కాదు.

కేసు షీటు మొదటి పేజీలో 'అలవాట్లు' అని ఒక గడి ఉండేది. నర్సమ్మ మంచం పక్కన నిలబడి "అలవాట్లేమున్నయన్నా?" అని అడిగేది. మనిషి ఒక క్షణం పెళ్ళాం వైపు చూసి, "టీ" అనేవాడు. ఆవిడ 'టీ' అని రాసేది. ఫౌండ్రీ మనిషైనా, రంగుల ఫ్యాక్టరీ మనిషైనా, రుద్రారం నుంచి వచ్చిన రైతైనా, బీహార్ నుంచి పనికొచ్చిన కుర్రాడైనా అలవాటు మాత్రం టీయే. ఆ గడి ఖాళీగా లేనందుకు నేనెంతో సంతోషించేదాన్ని. మా నాన్న బడిపంతులు, మా ఇంట్లో దగ్గు మందు కూడా వాసన చూసి తాగేవాళ్ళం. వార్డులో ఘాటుగా వచ్చే వాసన సూదులు తుడిచే స్పిరిట్‌ది అని నా గట్టి నమ్మకం.

మా చిన్నమామ, అంటే మా అమ్మ తమ్ముడు, ఆ ఏడాదిలో ఐదుసార్లు ఆసుపత్రిలో చేరాడు. ఐదుసార్లూ 'పాతదే', ఐదుసార్లూ అట్టముక్క నంబరే, అలవాట్లు టీ. మామ ఒక ఫౌండ్రీలో క్రేన్ ఆపరేటరు. ఆయుధపూజ నాడు ఇంటివాళ్ళను లోపలికి రానిచ్చేవాళ్ళు కాబట్టి నేను చిన్నప్పుడే చూశాను. కప్పు కింద పట్టాల మీద నడిచే క్రేన్, దానికి వేలాడే చిన్న గదిలో మా మామ, కింద గొలుసుకు కరిగిన ఇనుము నింపే పెద్ద బకెట్. బంతిపూల దండలేసిన ఆ క్రేన్ కింద మా అత్త మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూస్తూ నిలబడేది. "గా కుర్సీల అందరు కూసోలేరు బిడ్డా. జెర చెయ్యి అటుఇటయిందనుకో, కిందున్నోళ్ళు ఖతం" అని మామ చెబితే, నేను బడిలో ఒక నెల పాటు ఆ మాట చెప్పుకు తిరిగాను. అలాంటి మనిషి టీ వల్ల పాడైపోతున్నాడని నాకు బాధేసింది. ఒక ఆదివారం అత్త దగ్గరికి వెళ్ళి, "అత్తా, మామకు ముందుగాల టీ బంద్ జెయ్యి. టీతోనే కడుపు ఖరాబైతుంది" అని గట్టిగా చెప్పాను. అత్త చాటలో బియ్యం ఏరుతోంది. తలెత్తి నన్ను చాలాసేపు చూసి, ఒక నవ్వు నవ్వింది. "జేస్త బిడ్డా. టీ తప్పకుండ బంద్ జేస్త" అంది. ఆ నవ్వు నాకు అర్థం కాలేదు. ఒక మంచి పని చేశానని బస్సెక్కాను.

అంతటితో ఆగి ఉంటే ఇది రాసే పని ఉండేది కాదు. మూడు నెలల లెక్కలు పట్నం ఆఫీసుకు పంపాల్సి వచ్చినప్పుడు, నేను నాలుగు రంగుల స్కెచ్ పెన్నులు కొని ఒక చార్టు గీశాను. జ్వరాలకు పచ్చ, దెబ్బలకు ఎరుపు, దగ్గుకు నీలం, కడుపులో పూతకు ఊదా. ఊదా గీత కాగితం దాటిపోయింది. ఇంకో కాగితం అతికించి పైకి పొడిగించాను. కింద చక్కటి దస్తూరీతో ఒక గమనిక కూడా రాశాను, 'ఈ రోగులందరికీ టీ అలవాటు ఉన్నట్లు రికార్డులు తెలుపుతున్నవి. కారణం పరిశీలించదగినది' అని. స్టాంపు సారు యథాప్రకారం ముందు స్టాంపు వేశారు. తర్వాత చదువుదామని కళ్ళజోడు వెతుక్కునేలోగా నేను కవరు అంటించేసి, ఉరుకుతూ వెళ్ళి పోస్టు డబ్బాలో పడేశాను.

నెల తిరక్కుండానే పట్నం నుంచి జీపు దిగింది. ముగ్గురు అధికారులు, వాళ్ళ వెంట మూతలున్న సీసాల పెట్టెలు. పటాన్‌చెరు బస్టాండు దగ్గర మొదలుపెట్టి రుద్రారం దాకా ఒక్క హోటలు వదలకుండా టీ పట్టారు. టీ పొడి పట్టారు, పాలు పట్టారు, నీళ్ళు పట్టారు, ఒక బండివాడి దగ్గర వడపోసే గుడ్డ కూడా పట్టుకుపోయారు (వాడు మర్నాడు నా కిటికీ దగ్గరికొచ్చి గుడ్డ ఎప్పుడిస్తారని అడిగాడు). పరీక్షలు తేలేదాకా ఆసుపత్రి క్యాంటీనులో, చుట్టుపక్కల ఫ్యాక్టరీ క్యాంటీన్లలో టీ బంద్ అన్నారు. ఫ్యాక్టరీలో టీ ఆపడం అంటే ఏమిటో నాకప్పుడు తెలిసింది. మధ్యాహ్నం షిఫ్టు నుంచి జనం మజ్జిగ గ్లాసులు పట్టుకుని మా గేటు ముందుకు వచ్చి, "ఎవరమ్మా గా చార్ట్ గీసిన మేడం? జెర బయటికి పంపుండ్రి, మొకం సూస్తం" అని అరిచారు. నేను బీరువా వెనక నిలబడి, చెప్పుల్లో కాలి వేళ్ళు ముడుచుకుని, మళ్ళీ చాపుకుని, మళ్ళీ ముడుచుకున్నాను.

ఆ రోజు స్టాంపు సారు తలుపు దగ్గరకు వేసి, నన్ను కుర్చీలో కూర్చోమని, ఉన్న సంగతి చెప్పారు. ఆయనతో పనిచేసినన్నాళ్ళలో ఆయన గొంతు అంత చిన్నగా వినడం అదే మొదలు, చివర కూడా.

"టీ కాదు బిడ్డా. మందు. కల్లు కొందరు, సారా కొందరు. పొద్దున లేసుడుతోనే కావాలె వాళ్ళకు."

"మరి షీట్ల ఎందుకు రాస్తలేరు సార్?"

"గీ కాయిదం కాపీ ఫ్యాక్టరీకి పోతది. మందు నంబర్ పడ్డదంటే ఎంక్వైరీ, కొలువుకు ఎసరు. ఇంట్ల పిల్లలుంటరు. డాక్టర్ సాబ్ పాతదే అంటడు, నేను పూత అంట. ఇన్నేండ్లు గట్లనే నడిచింది. ఇగ నువ్వొచ్చినవ్."

"మా మామ గూడనా?"

 ఆయన ఖాళీ కాగితం ఒకటి తీసుకుని దాని మీద స్టాంపు వేశారు.

నేను కుర్చీలోంచి లేచాను. గది నాలుగు అడుగులు, అటు నాలుగు, ఇటు నాలుగు తిరిగాను. అత్త నవ్వు గుర్తొచ్చింది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. పుస్తకం తెరిచి, అంతవరకూ నేనెప్పుడూ చూడని పేజీ తీశాను. మద్యానికి బానిస కావడం అనే జబ్బు, ఎఫ్ పది పాయింట్ రెండు. అదొక జబ్బని, దానికొక నంబరుందని, నంబరున్న జబ్బుకు వైద్యం ఉంటుందని ఆ పేజీ చూసేదాకా నాకూ తట్టలేదు. మూడు నెలల్లో ఆ నంబరు మా ఆసుపత్రిలో ఒక్కసారి కూడా పడలేదు.

ఇంతలో టీ పరీక్షలు వచ్చాయి. టీలో ఏమీ లేదు. అయితే కడుపులోనే చూడాలని పట్నం వాళ్ళు తీర్మానించారు. ఏడాదిలో మూడుసార్లకు మించి పూతతో చేరిన వాళ్ళందరినీ పిలిపించి, నోట్లోంచి పైపు దింపి చూస్తారట. పేర్ల పట్టీ నేనే రాయాలి. పదకొండు పేర్లు వచ్చాయి. ఎక్కువసార్లు చేరినవాళ్ళు ముందుండాలి కాబట్టి మొదటి పేరు మా మామది.

మర్నాడు మధ్యాహ్నం మామ నా కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. గుప్పెడు సోంపు నములుతున్నాడు. ఆ సోంపు ఎందుకో కూడా అప్పుడే నాకు అర్థమయింది.

"బిడ్డా, జెర నా పేరు కొట్టెయ్యరాదె. పైపంటె నాకు బుగులు."

"కొట్టెయ్యనీకి రాదు మామా. అసలు ముచ్చట డాక్టర్‌తోని చెప్పు. పైపు ఎయ్యరు, మందులిస్తరు."

"చెప్తె క్రేన్ పోతది. పద్దెనిమిదేండ్లయింది నేను పైన కూసోవట్టి. కిందికి దింపినంక నేనెవన్ని? మీ అత్తకు ఏం మొకం సూపియ్యాలె?"

చెప్పకపోతే పైపు, చెబితే క్రేన్. దీన్నంతా మొదలుపెట్టింది నా ఊదా రంగు స్కెచ్ పెన్ను. ఆ వారం రోజులూ నేను బస్సులో సీటు దొరికినా నిలబడే వెళ్ళాను.

పైపు రోజు రానే వచ్చింది. ముందు రాత్రి నుంచి నోట్లో నీటి చుక్క కూడా పడకూడదని గట్టిగా చెప్పి ఉన్నారు. పదకొండు మందీ భయంతో మాట తప్పలేదు. ఆసుపత్రి వసారాలో ఒకే పొడవాటి బెంచీ మీద వరసగా కూర్చున్నారు. నేను రిజిస్టరు పట్టుకుని ఎదురుగా నిలబడ్డాను. లోపలి నుంచి ట్రేలో నల్లటి పైపు వచ్చింది. తొమ్మిదిన్నరకు బెంచీ టకటకమనడం మొదలుపెట్టింది. ముందు నేను భయమనుకున్నాను, పట్నం అధికారీ అలాగే అనుకుని "డరో మత్, డరో మత్" అంటూ భుజాలు తడుతున్నాడు. భయం కాదది. పొద్దున పడాల్సింది పడక వణుకుతున్న చేతులు, మోకాళ్ళు. బెంచీ కాళ్ళు గచ్చు మీద దరువేస్తున్నాయి. చివరన ఒకాయన మాత్రం నిమ్మళంగా కూర్చున్నాడు గానీ, పదిమంది వణుకుతో ఆయన కూడా ఊగిపోతున్నాడు. నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలో ఉండగానే మా మామ చేతులు చూశాను. ఒక చేత్తో ఇంకో చేతిని పట్టుకుని తొడల మధ్య దాచుకుంటున్నాడు. బకెట్ నిండా కరిగిన ఇనుమును నడిపించే చేతులవి. ఆ బకెట్ కింద నిలబడే మనుషులు గుర్తొచ్చారు.

"సార్" అని మామ లేచి నిలబడ్డాడు. "పైపు వద్దు. లోపలికి సూసుడెందుకు, నేనే చెప్త. టీ గీ ఏం లేదు. మందు తాగుత. పొద్దున లేవంగనే గింత పడకుంటె చేతులు గిట్లనే అయితయి. బంద్ జేద్దామని మస్తుసార్లు సూసిన, నాతోని అయితలేదు."

 పక్కనున్నాయన "నాది గూడ గదే ముచ్చట సార్" అన్నాడు. మూడో ఆయన, నాలుగో ఆయన, అలా బెంచీ పొడవునా పాకింది. చివరి ఆయన మాత్రం "నేను నిజంగ టీనే తాగుత సార్, నా మాట నమ్ముండ్రి" అని ఏడుపు మొహం పెట్టాడు. ఎవరూ నమ్మలేదు. పట్నం అధికారి వచ్చిన పని వృథా కాకూడదని ఆయనకే పైపు వేశారు. ఆయన కడుపులో నిజంగానే పూత ఉంది.

మా పరుగు డాక్టరు ఆ రోజు మొదటిసారి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఒక్కొక్కరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఎన్నేళ్ళ నుంచి, పొద్దున ఎన్ని గంటలకు, మానితే ఏమవుతుంది అని అడిగి, గుండ్రటి అక్షరాలతో పేజీలు నింపారు. ఆయన దస్తూరీ అంత అందంగా ఉంటుందని ఎవరికీ తెలియదు. సాయంత్రం ఆ షీట్లు నా బల్ల మీదికి వచ్చాయి. పైన మామది. స్టాంపు సారు నల్లబడ్డ అట్టముక్కను నా వైపు నెట్టారు. "నీ మామనే గద బిడ్డా" అన్నారు. నేను లేచి కిటికీ దాకా వెళ్ళాను, తలుపు దాకా వెళ్ళాను, బయట పంపు దగ్గర నీళ్ళు తాగి వచ్చాను. గడి ఖాళీగానే ఉంది. జన్మలో మొదటిసారి ఖాళీ గడి నాకు ముద్దొచ్చింది. చివరికి నిలబడే, వంగి, ఎఫ్ పది పాయింట్ రెండు అని వేశాను. స్టాంపు సారు ఆ షీటును ముందు పూర్తిగా చదివి, తర్వాత స్టాంపు వేశారు.

వార్డులో పదిరోజుల వైద్యం అయ్యాక మామను క్రేన్ నుంచి దింపి టూల్ రూములో వేశారు, స్పానర్లు ఇచ్చి పుచ్చుకునే పని. కొలువు పోలేదు గానీ కుర్చీ పోయింది. "నువ్వే రాసినవా?" అని అడిగాడు. "నేనే రాసిన మామా" అన్నాను. నన్ను చూడకుండా గేటు వైపు వెళ్ళిపోయాడు. చాలా నెలలు మా ఇంటికి రాలేదు, మా అమ్మ నాతో అవసరానికి మించి మాట్లాడలేదు.  మామ రెండు నెలలు బాగున్నాడు, మళ్ళీ తాగాడు. మళ్ళీ చేర్చారు, మళ్ళీ అదే నంబరు నేనే వేశాను. దాచిపెట్టి సారు తప్పు చేశారా, బయటపెట్టి నేను తప్పు చేశానా అని ఎన్ని మధ్యాహ్నాలు ఆ నాలుగడుగుల గదిలో తిరిగానో. ఐదేళ్ళ ముందే ఎవరైనా ఆ గడిలో నిజం రాసి ఉంటే మామ కుర్చీ కూడా నిలిచేదేమో. అది నాకు ఇప్పటికీ తెలియదు. తెలియదని ఒప్పుకోవడం మాత్రం అప్పటి నాకు చేతకాలేదు.

మూడోసారి మానేశాక, మామ మళ్ళీ మొదలుపెట్టలేదు. ఏడాది దాటాక స్పానరు కాలి మీద పడి బొటనవేలు చితికి ఆసుపత్రికి వచ్చాడు. డాక్టరుగారు వేలు సంగతి రాసి, కింద 'ఏడాదిగా మద్యం ముట్టలేదు' అని రాశారు. పుస్తకం తిరగేస్తే దానికీ ఒక చోటుంది. పాత నంబరు చివర ఇంకో అంకె చేర్చాలి, సున్నా. మామ కుంటుకుంటూ కిటికీ దగ్గరికొచ్చి, "ఈపాలి ఏం నంబరేసినవ్?" అని అడిగాడు. చెప్పాను. "సున్నానా? అంటె ఫేలా?" అన్నాడు. "కాదు మామా, తాగుతలేడు అని." "ఏదీ, గది ఒక కాయిదం మీద రాసియ్యి" అన్నాడు. రాసిచ్చాను. స్టాంపు సారు అప్పటికి రిటైరయ్యారు, లేకపోతే దాని మీద స్టాంపు కూడా పడేది.

ఆ ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. అత్త నా చేతిలో టీ గ్లాసు పెట్టి, కొంగు ముడి విప్పి ఆ చీటీ తీసింది. అప్పటికే నాలుగు మడతలు పడి ఉంది. సున్నా మీద వేలు పెట్టి, "గంత పెద్ద పుస్తకంల మీ మామ కోసం ఒక సున్నా పెట్టిండ్రా బిడ్డా?" అంది. కళ్ళల్లో నీళ్ళు. అది ఎవరి కోసమూ పెట్టింది కాదు, ప్రపంచంలో మానేసిన ప్రతి మనిషికీ అదే వేస్తారు. రెండేళ్ళ కిందటి నేనైతే చంకలోంచి పుస్తకం తీసి, పేజీ తెరిచి, అత్తకు అక్షరం అక్షరం చూపించి, ఆమె పొరపాటు సరిదిద్ది గానీ లేచేదాన్ని కాదు.

"అవునత్తా, మామ కోసమే పెట్టిండ్రు" అన్నాను.